పరాయి ఎద్దు పళ్ళు

ఫోన్‌లో నన్ను ఎవరైనా ‘గారు’ అని పిలిస్తే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. రంకె వేసి మీదికొచ్చిన కోడెను ముకుతాడు పట్టుకుని నిలబెట్టిన మనిషిని నేను. అలాంటివాణ్ణి ఒక మర్యాద మాటకు భయపడతాను. ఆ భయం ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే ముందు నా పని ఏమిటో చెప్పాలి.

దర్శి దగ్గర మా ఊళ్ళో, నేను పని చేసే మా రైతు గారికి బండ లాగే ఎడ్ల జత ఉంది. మా వైపు తిరునాళ్ళంటే బండలాగుడు పోటీ ఉండాల్సిందే. రాతి బండకు జతను కడతారు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ అడుగులు లాగితే దానిది గెలుపు. ఎద్దు పుట్టిన తేదీ ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి పళ్ళు చూసి విభాగాలు చేస్తారు. పాలపళ్ళు ఊడి రెండు పెద్ద పళ్ళు వచ్చినవి ఒక విభాగం, నాలుగు వచ్చినవి ఇంకొకటి, ఆరు వచ్చినవి మరొకటి. అందుకే మాలాంటివాళ్ళకు ఒక రోగం ఉంది. ఏ ఎద్దు ఎదురుపడ్డా ముందు దాని కింది పెదవి దించి పళ్ళు చూస్తాం. పెళ్ళికి వెళ్ళినా ఆ ఇంటి వెనక ఎద్దు కట్టేసి ఉంటే పెళ్ళికూతురి కంటే ముందు దాని నోరు చూసొస్తాం.

దూడల్ని ఎంచడం, దేనికి ఏది జతో తేల్చడం, ఏం మేపాలి, ఎంత నడిపించాలి, ఏ పోటీకి వెళ్ళాలి, ఏది మానుకోవాలి, ఇవన్నీ నా పనులు. పూర్వం దీన్ని జీతగాడి పని అనేవాళ్ళు. పోటీలు యూట్యూబ్‌లో లైవ్ రావడం మొదలయ్యాక మేనేజరు అంటున్నారు. పేరు మారింది గానీ పేడ మారలేదు. మా నాన్న ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. నాకు ఆ దూది దుమ్ము పడలేదు. చిన్నప్పుడే ఎద్దుల వెంట పడ్డాను.

మాకు కాగితం మీద ఒప్పందం ఉండదు. ఉగాది నాడు రైతు గారు కొట్టం గుమ్మం దగ్గర నిలబడి నా చేతిలో తాంబూలం పెడతారు. పుచ్చుకున్నానంటే మళ్ళీ ఉగాది దాకా ఇంకొకరి కొట్టంలో కాలు పెట్టకూడదు, ఇంకొకరి పోటీ ఎద్దు మీద చెయ్యి వేయకూడదు. మేం ముసల్మానులమే అయినా ఈ పనిలో మాకూ ఉగాదే లెక్క. గడువు మధ్యలో కొట్టం మారినవాణ్ణి మా వైపు ఎవరూ నమ్మరు. వాడు వెళ్ళిన నెలలో పాత కొట్టంలో ఎద్దుకు కడుపు ఉబ్బినా, వాడే ఏదో పెట్టి పోయాడంటారు. ఆ మాట ఒక్కసారి పడిందా, ఇక ఆ మనిషిని ఎవరూ కొట్టం గడప తొక్కనివ్వరు. అలా పేరు పోగొట్టుకున్న ఒకాయన ఒంగోలులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాయడం నేను చూశాను. ఆయన చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉండేవి.

మా జతలో కుడి వైపు కట్టేదాన్ని ఎలపటిది అంటాం, ఎడమదాన్ని దాపటిది అంటాం. రెంటినీ పాలపళ్ళ నాటి నుంచీ నేనే పెంచాను. ఎలపటిదాన్ని కొత్తపట్నం దగ్గర సముద్రపు ఒడ్డున ఒక ఇంట్లో చూసి ఎంచాను. ఆ ఉప్పుగాలికి పుట్టినందుకో ఏమో, దానికి ఉప్పు పిచ్చి. రోజూ నేను కొట్టంలోకి రాగానే నా భుజం మీది తువ్వాలు లాక్కుని దానిలోని చెమట నాకేది. దాని గరుకు నాలుక మెడకు తగిలితే ఒళ్ళు జలదరించేది, అయినా నేనెప్పుడూ వద్దనలేదు.

ఇక నా కడుపుమంట సంగతి కూడా దాచను. కిందటేడు వేసవిలో వరుసగా రెండు పోటీలు వద్దు, దాపటిదాని కాలు అలిసి ఉందని చెప్పాను. మా రైతు గారు వినలేదు. చుట్టాలెవరికో మాటిచ్చారట. రెండో పోటీ తర్వాత దాపటిది నెల రోజులు కుంటింది. అది చాలక, గెలిచిన మొదటి పోటీలో మైకు పట్టుకున్నాయన రైతు గారి పేరు, వాళ్ళ నాన్న పేరు, తాత పేరు, ఆఖరికి బండ తెచ్చిన ట్రాక్టరు యజమాని పేరు కూడా చదివాడు. నా పేరు చదవలేదు. నేను పక్కనే బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఎద్దు గిట్టలు కడుగుతున్నాను. మనసులో పెట్టుకున్నాను.

శివరాత్రికి పన్నెండు రోజుల ముందు ఫోన్ వచ్చింది.

“మేనేజరు గారేనా అండీ?”

నన్ను గారు అనేవాళ్ళు ఓట్లప్పుడు వచ్చేవాళ్ళు, ఫోన్ కంపెనీ అమ్మాయి, అంతే. గొంతు గుర్తుపట్టాను. అద్దంకి అవతలి ఆసామి. మిర్చి వ్యాపారం ఆయనది. రెండేళ్ళుగా మా జతకు పోటీ అంటే ఆయన జతే.

“ఉగాది తర్వాత మా దగ్గరికి రండి. ఎద్దుల్ని మీరే ఎంచండి. ఏ పోటీకి వెళ్ళాలో మీరే చెప్పండి. నేను నోరెత్తితే ఒట్టు. మైకులో ముందు మీ పేరే చదివిస్తానండి” అన్నాడు.

“ఉగాది ఇంకా రాలేదు కదండీ” అన్నాను.

“అందుకే ఒప్పుకోమనడం లేదండి. ఒకసారి వచ్చి కొట్టం చూసి వెళ్ళండి. చూస్తే తప్పేముందండీ?”

తప్పేముందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా వెళ్ళాను. ఎడ్లను కట్టే పలుపులు పాతబడ్డాయి, అద్దంకి వెళ్ళి కొత్తవి తెస్తానని మా రైతు గారికి అబద్ధం చెప్పాను. “ఎండలో బస్సులు పట్టుకుని ఏం పోతావురా, నా బండేసుకెళ్ళు” అని మోటారు సైకిల్ తాళం నా మీదికి విసిరారు.

దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు తుమ్ములు వస్తున్నాయి. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాను. ఘాటు కోసం అనుకున్నాను గానీ నిజానికి ముఖం దాచుకోవడానికే. ఎదురొచ్చిన ప్రతి ఆటోలో తెలిసినవాళ్ళు ఉన్నట్టే అనిపించింది. ఆసామి ఊరు చేరాక రైతు గారి బండి ఎవరైనా గుర్తుపడతారని పత్తి కట్టె వామి వెనక పెట్టాను. దొంగతనానికి వచ్చినవాడు కూడా అంత జాగ్రత్తపడడు.

కొట్టం చూసి కళ్ళు తిరిగాయి. ఎద్దు ఎద్దుకూ ఫ్యాను. కింద రబ్బరు పట్టాలు. ఆసామి నా పక్కన నడుస్తూ “మీరు చెబితే ఇది మార్పిస్తానండి, మీరు చెబితే అది కట్టిస్తానండి” అంటున్నాడు. నన్ను ఎవరూ అంత సేపు అలా అడగలేదు. నేను ఏ ఎద్దునూ ముట్టుకోకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుని వచ్చాను. చేతులు వెనక్కి కట్టుకునే తిరిగాను.

చివర్న ఒక తెల్ల కోడె ఉంది. దాని మూపురం, దాని ఛాతీ, దాని నిలబడటం చూశాను. ఎన్ని పళ్ళు వేసి ఉంటుందో అనుకున్నాను. అంతే. నా ఎడమ చెయ్యి ముకుతాడు మీద ఉంది, కుడి బొటనవేలు దాని కింది పెదవి దించింది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు. నాలుగు పళ్ళు. చొంగ జిగటగా తీగలా సాగి నా మణికట్టు దాకా కారింది. చిగుళ్ళ మీద గోరంత ఎర్రటి పొక్కు కనిపించింది.

“జొన్నచొప్ప గుచ్చుకుందండి” అన్నాడు ఆసామి. నేను అడగకముందే అన్నాడు. ఆ తొందర నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కానీ ఆయన అప్పటికే “రండి, భోజనం చేద్దురుగాని, మీ కోసం అద్దంకి నుంచి హలాల్ మాంసమే తెప్పించాను” అని నా మోచెయ్యి పట్టుకున్నాడు. అంత మర్యాదకు కరిగిపోయాను. చెయ్యి తువ్వాలుకు తుడుచుకున్నాను. అన్నానికి ముందు చెయ్యి కడిగాను, తువ్వాలు మాత్రం భుజం మీదే ఉంది. “ఉగాది రానివ్వండి, ఆలోచిద్దాం” అని చెప్పి బయలుదేరాను.

ఇంటికొచ్చేసరికి మేత వేళ అయింది. గబగబా కొట్టంలోకి వెళ్ళాను. ఎలపటిది రోజూలాగే మెడ చాచి తువ్వాలు లాక్కుంది. తప్పు చేసి వచ్చినవాడికి ఎవరైనా ప్రేమ చూపిస్తే ఎంత బాగుంటుందో చెప్పలేను. నాకనిచ్చాను. ఇంకాసేపు నాకవే అని కొస కూడా అందించాను.

“పలుపులేవిరా?” అన్నారు రైతు గారు.

కొనడమే మర్చిపోయాను.

“నచ్చలేదండి, బాబాయ్” అన్నాను. వరస లేకపోయినా ఆయన్ను నేను బాబాయ్ అనే అంటాను.

మర్నాడు పొద్దున దాపటిదాని కాలు చూడటానికి పశువుల డాక్టరు గారు వచ్చారు. వెళ్ళేముందు చేతులు కడుక్కుంటూ, “అద్దంకి అవతల గాలికుంటు మొదలైందని విన్నాను. అటెళ్ళిన మనిషిని కొట్టంలోకి రానివ్వకండి. చేతికి, చెప్పుకి, బట్టకి, దేనికంటినా వచ్చేస్తుంది. మీ జతకు టీకా కూడా లేదు” అన్నారు.

టీకా ఆపింది నేనే. చలికాలంలో ఆయన సూది పట్టుకుని వస్తే, టీకా వేస్తే రెండు రోజులు జ్వరం వచ్చి నీరసపడతాయి, పోటీలయ్యాక చూద్దాం అని తిప్పి పంపాను. పోటీ ఎడ్ల వాళ్ళం చాలామందిమి చేసే తెలివితక్కువ పనే ఇది.

“వీడు నిన్న అద్దంకి వెళ్ళొచ్చాడుగా” అని రైతు గారు నవ్వారు.

“పలుపుల కొట్టు దాకానే కదండీ!” అన్నాను. ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే అన్నాను.

గాలికుంటు అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. నోట్లో, గిట్టల సందుల్లో పొక్కులు లేస్తాయి. చొంగ కారుతుంది, మేత ముట్టదు. పెద్ద ఎద్దు చాలావరకు చావదు. చావకపోయినా కొన్నిటికి ఆ తర్వాత ఎండ తగిలితే రొప్పు వస్తుంది. రొప్పే ఎద్దు బండ లాగదు.

ఆ రెండు రోజులు నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. తువ్వాలును పెరట్లో కాల్చేశాను. చేతులు సబ్బుతో రుద్దీ రుద్దీ చర్మం లేచింది. గంటకోసారి కొట్టంలోకి వెళ్ళి ఎలపటిదాని నోరు తెరిచి చూసేవాణ్ణి. మళ్ళీ ఆ చేత్తోనే రోగం ఇస్తున్నానేమో అని వణికేవాణ్ణి. చెబితే? గడువు మధ్యలో పరాయి కొట్టంలో ఎద్దు నోరు పట్టుకున్నానని నా నోటితో నేనే చెప్పాలి. రేపు ఈ ఎద్దు పడితే ఆసామి దగ్గర మాట పుచ్చుకుని కావాలనే అంటించానంటారు. ఒంగోలు గేటు దగ్గర ఆ కుర్చీ కళ్ళ ముందు కనిపించేది. చెప్పకపోతే? రెండూ ఒకే తొట్టిలో తాగుతున్నాయి. ఎలపటిదానితో పాటు దాపటిది కూడా పోతుంది. శివరాత్రి పోటీకి వెళ్తే అక్కడికొచ్చిన ఊళ్ళ ఊళ్ళ జతలకు పాకుతుంది. తేలు కుట్టిన దొంగలా మూలగడానికి కూడా లేకుండా తిరిగాను. రోగం రాదులే, దేవుడు చూస్తాడులే అని కూడా అనుకున్నాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను, మూడో రోజు దాకా అలాగే అనుకున్నాను.

మా ఆవిడ కనిపెట్టింది. మధ్యాహ్నం అన్నం పెడుతూ, “ఏందయ్యా, తువ్వాలు తగలబెట్టావు, అన్నం కెలుకుతున్నావు, ఏమైంది?” అంది.

ఆమెకు చెప్పేశాను. మొత్తం విని గరిటె కింద పెట్టింది.

“పొరుగింటి పుల్లకూర రుచని వెళ్ళావు, సరే. గంటకోసారి ఆ ఎద్దు నోరు తెరుస్తున్నావే, నీ నోరు ఎప్పుడు తెరుస్తావు?”

“చెబితే మన పని అయిపోతుందే.”

“అయిపోతే అయిపోద్ది. మిరపకాయలు కోసుకుని బతుకుదాం. ఆ మూగజీవాలు ఏం కోసుకుంటాయి?” అంది. ఆమె కూడా భయపడింది. మాట గట్టిగానే అంది గానీ నేను తినకముందే కంచం తీసేసింది.

రైతు గారు కల్లంలో ఉన్నారు. ఆడవాళ్ళు వరుసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఆయన కూడా ఒక కాయ చేతిలో పట్టుకుని చూస్తున్నారు. పక్కకు రమ్మని పిలిచాను.

“బాబాయ్, మొన్న నేను పలుపుల కొట్టుకు వెళ్ళలేదండి.”

నేను ఫోన్ దగ్గర నుంచి తువ్వాలు దాకా అన్నీ చెప్పాను. మైకులో నా పేరు చదవని సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, వచ్చేసింది. అంతా అయ్యాక ఆయన ఒకే మాట అడిగారు.

“ఏ చేత్తో పట్టుకున్నావురా?”

“కుడి చేత్తోనండి.”

ఆయన నా కుడి చేతి వంక చూశారు. నేను అది వెనక్కి దాచుకున్నాను. లాగి ఒకటి కొడతారనుకున్నాను. కొట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆయన ఫోన్ తీసి డాక్టరు గారికి చేశారు, తర్వాత పోటీ కమిటీ పెద్దకు చేశారు. “మా కొట్టంలో గాలికుంటు అనుమానం ఉంది. మేం రావడం లేదు. మిగతా జతల్ని కూడా నోళ్ళు చూశాకే లోపలికి రానివ్వండి” అన్నారు. ఆసామి పేరు ఎత్తలేదు, నా పేరు ఎత్తలేదు.

ఆ సాయంత్రమే దాపటిదాన్ని పొలంలో వాడకుండా పడి ఉన్న, పొగాకు కాల్చే బ్యారన్ గదిలోకి మార్చారు. నన్ను కంచె దాటి రావద్దన్నారు. అరవై దాటిన మనిషి, ఏళ్ళ తరబడి గంప ముట్టని మనిషి, రెండు చోట్లకూ బట్టలు మార్చుకుంటూ తిరిగి తానే మేత వేశారు. నేను కంచె అవతల నిలబడి “ఉలవలు చల్లారనివ్వండి బాబాయ్! అంత నీళ్ళు వద్దండి!” అని అరిచేవాణ్ణి. నా గొంతు వినపడితే ఎలపటిది మేత ఆపి మెడ తిప్పి చూసేది.

“నువ్వు మాట్లాడితే ఇది తినడం లేదురా. నోరు మూసుకో” అన్నారాయన. నోరు మూసుకుని నిలబడ్డాను.

అలా మూడు రోజులు గడిచాయి. నేను ఆసామి ఊరెళ్ళి ఆరో రోజు పొద్దున ఎలపటిది గడ్డి ముట్టలేదు. కంచె అవతల నుంచే చూశాను. దాని మూతి నుంచి చొంగ తీగలా సాగి నేల మీద పడుతోంది. మా రైతు గారు గంప పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను తుమ్మచెట్టు పట్టుకుని కూలబడ్డాను. ఏడ్చాను. దాచడం ఎందుకు, బిగ్గరగానే ఏడ్చాను.

డాక్టరు గారు చూసి అదేనన్నారు. “దాపటిదాన్ని ఇంకొక్క రోజు పక్కన ఉంచి ఉంటే దానికి కూడా వచ్చేది” అన్నారు. ఆ మాట నాకు ఊరటో శిక్షో అప్పుడు తెలియలేదు.

రైతు గారు కంచె దగ్గరికి వచ్చి గంప నా కాళ్ళ దగ్గర పడేశారు. “ఇక నువ్వు దీని దగ్గరే ఉండు. బ్యారన్ వైపు కన్నెత్తి చూశావంటే కాళ్ళిరగ్గొడతా” అన్నారు.

ఆ రోజు నుంచి దాని నోరు తెరవడమే నా పని అయింది. రోజుకు మూడుసార్లు కింది పెదవి దించి పటిక నీళ్ళతో కడిగేవాణ్ణి, పొక్కులు చిట్లిన చోట డాక్టరు గారిచ్చిన మందు రాసేవాణ్ణి. మంటకు అది తల విదిలించేది. అయినా పెదవి దించబోతే నోరు ఇచ్చేది. గంజిలో నానబెట్టిన తవుడు వేళ్ళతో పెట్టేవాణ్ణి. ఎవరి చేతి మీదుగా రోగం వచ్చిందో తెలియక ఆ చేతినే నమ్ముతోందని, అన్నిటికంటే అది చూసి భయమేసేది.

శివరాత్రి ముందురోజు ఆసామి ఫోన్ చేశాడు. పోటీ దగ్గర గేటులోనే డాక్టరు నోళ్ళు చూస్తున్నాడని తెలిసి ఆయన జత బయలుదేరలేదట. కమిటీకి ఎవరు చెప్పి ఉంటారో ఊహించడం ఆయనకు కష్టం కాదు.

“ఒరేయ్” అన్నాడు. ఈసారి గారు లేదు. “నా అన్నం తిని నా కొట్టాన్ని బజారుకీడుస్తావా? ఇక ఏ కొట్టంలో అడుగు పెడతావో నేనూ చూస్తా.”

మాట నిజమే, అన్నం తిన్నాను. ఫోన్ పెట్టేసి ఎలపటిదాని గిట్టలు కడిగాను. అటు ఆ తలుపు మూసుకుంది, ఇటు ఈ తలుపు ఎప్పుడు మూస్తారో తెలియదు.

ఇరవై రోజులకు పుండ్లు మానాయి. ఒకరోజు ఎండెక్కాక ఎలపటిదాన్ని మెల్లగా నడిపించాను. పత్తి చేను గట్టు దాకా కూడా వెళ్ళలేదు. నాలుక బయటపెట్టి డొక్కలు ఎగరేస్తూ రొప్పడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి చూస్తే రైతు గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఇద్దరం నీడలోకి తెచ్చి నీళ్ళు చల్లాం. ఆయన దాని మూపురం నిమురుతూ, నా వైపు చూడకుండా అడిగారు.

“ఆ కోడె నోట్లో పొక్కు లేకపోతే నాకు చెప్పేవాడివట్రా?”

అవునండి అనేస్తే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. అప్పటికి చెప్పిన అబద్ధాలకే ఒక ఎద్దు బండకు పనికిరాకుండా పోయింది.

“చెప్పేవాణ్ణి కాదండి” అన్నాను.

ఆయన తల ఊపారు. నీళ్ళ చెంబు నా చేతికిచ్చి వెళ్ళిపోయారు.

ఉగాది వచ్చింది. నన్ను పిలుస్తారో లేదో తెలియక పొద్దున్నే స్నానం చేసి వాకిట్లో కూర్చున్నాను. మా ఆవిడ సందు మొగదాకా నాలుగుసార్లు పోయి చూసొచ్చింది. ఎండ చురుక్కుమనే వేళకు కబురొచ్చింది. కొట్టం గుమ్మం దగ్గరికి వెళ్తే అక్కడ ఆయన లేరు. లోపల ఎలపటిదాని పక్కన తాంబూలం పట్టుకుని నిలబడి ఉన్నారు.

“మాట మామూలే. ఉగాది నుంచి ఉగాదికి” అన్నారు. “దాపటిదానికి జత వెతుకు. నువ్వు వద్దన్న పోటీకి వెళ్ళను. ఒకటే కొత్త షరతు. ఎవరైనా పిలిస్తే పో. నేను ఆపను, గడువు కూడా చూడను. పోయేటప్పుడు దీన్ని వెంట తోలుకుపో.”

తాంబూలం అందుకున్నాను. కుడి చేతిలోనే పెట్టారు. అది క్షమించడమా, శిక్షించడమా అని ఆ రోజు నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన్ను అడిగే ధైర్యం లేదు.

ఆ తర్వాత ఇప్పటికి మూడు ఫోన్లు వచ్చాయి. దాపటిదానితో నేను కొత్త ఎద్దును తెచ్చి కట్టిన జత గెలుస్తోంది, మైకులో నా పేరు కూడా చదువుతున్నారు. “మేనేజరు గారేనా అండీ” అని వినపడగానే పని ఆపి పక్కకు వస్తాను. అవతలివాళ్ళు ఫ్యాన్లు, పట్టాలు అన్నీ చెప్పేదాకా వింటాను. అప్పుడంటాను.

“నాతో పాటు ఒక ఎద్దు వస్తుందండి. ఎండలో రొప్పుతుంది. బండ లాగదు. బతికినన్నాళ్ళు నీడలో కట్టేసి మేపాలి.”

ఆలోచించి చెబుతామంటారు. ఇంతవరకూ ఎవరూ మళ్ళీ చెయ్యలేదు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, కొట్టంలోకి వెళ్ళి దాని మీద తడి గోనె కప్పుతాను. అది మెడ చాచి నా భుజం మీద వెతుకుతుంది. నేను తువ్వాలు వేసుకోవడం మానేశాను.